ఒక ఖాతా, ఒక బొటనవేలు

మా గోనెసంచుల నియంత్రణ సంస్థ ఇప్పుడు లేదు. గోనెసంచి పోయి ప్లాస్టిక్ సంచి వచ్చిన రోజుల్లోనే దాన్ని ఎత్తేశారు. సంస్థ పోయినా అందులో పనిచేసి రిటైరైన నూట పద్ధెనిమిదిమందిమి మిగిలాం. నియంత్రించడానికి సంచులు లేకపోవడంతో మమ్మల్ని మేమే నియంత్రించుకుందామని కాకినాడలో విశ్రాంత ఉద్యోగుల సంఘం పెట్టుకున్నాం. అధ్యక్షులు చయనం విశ్వపతి గారు. ఆయన డిప్యూటీ డైరెక్టరుగా రిటైరయ్యారు. నా పేరు పేర్రాజు. ఆయన కింద ఇరవయ్యారేళ్ళు గుమాస్తాగా చేసి, ఇప్పుడు సంఘానికి సహాయ కార్యదర్శిగా మినిట్స్ రాస్తున్నాను. అంటే పని మారలేదు, జీతం మాత్రం ఆగింది.

ఏటా వానాకాలంలో మా సంఘం ఆన్‌లైన్ పేకాట పోటీ పెడుతుంది. పదమూడు ముక్కలాట. పందెం లేదు. ఎవరింట్లో వాళ్ళు కూర్చుని ఫోన్లో ఆడుకోవడమే. గెలిచినవాళ్ళకి ఒక షీల్డు, ఒక శాలువా, వార్షికోత్సవంలో ఐదు నిమిషాలు మైకు. అందరూ ఆడేది ఆ మైకు కోసమే. ఇంట్లో ఐదు నిమిషాలు ఎవరి మాటా సాగని వయసు మాది.

ఆ ఐదు నిమిషాలే కొంప ముంచాయి. కిందటేడు గెలిచిన కోశాధికారి గారు శాలువా కప్పించుకుని మైకు పట్టుకోగానే, ఫైనల్లో షో ఎలా తిప్పారో చెప్పమని సభలోంచి ఎవరో అడిగారు. ఆయన కాస్త ఆలోచించి, రాజునీ రాణినీ పక్కపక్కన పెడితే వాళ్ళకి పుట్టినవాడు జాకీ అవుతాడు కదా, అలా తిప్పానని చెప్పారు. తరవాత విచారిస్తే, మొదటి రౌండు నుంచీ ఆయన ఖాతాలో ఆడుతున్నది ఆయన రెండో కోడలని తేలింది. ఆ అమ్మాయి ఒక చేత్తో పోపు వేస్తూ రెండో చేత్తో మా శాఖలోని మహామహుల్ని ఓడించింది. ఆమెని ఒకసారి పిలిచి అభినందిద్దామని ఎవరికీ తోచలేదు. నియమావళి ఒకటి రాయాలని మాత్రం అందరికీ ఒకేసారి తోచింది.

రాసే పని విశ్వపతి గారే తీసుకున్నారు. సర్వీసులో ఉండగా గోనెసంచి అంటే ఏమిటో పదిహేడు పేజీల్లో నిర్వచించి, పై అధికారుల ప్రశంస పొందిన మనిషి ఆయన. మూడు నెలలు కూర్చుని నలభై ఒక్క నిబంధనలతో 'నిష్పాక్షిక క్రీడా నియమావళి' తయారుచేశారు. మొదటి నిబంధన చిన్నదే. ఒక ఖాతాను ఒకే మనిషి వినియోగించవలెను. రెండోది మనిషిని నిర్వచిస్తుంది. మనిషి అనగా ఒక మెదడును, దానికి అనుబంధముగా ఒక బొటనవేలును కలిగియున్న సభ్యుడు. ఆడేటప్పుడు ఇంకో ఫోన్లో వీడియో పెట్టి, ముఖమూ వేలూ రెండూ కమిటీకి కనిపించేలా కూర్చోవాలి. ఆట జరిగినంతసేపూ ఇంట్లో ఎవరూ మాట్లాడకూడదు. దీనికి 'గృహమౌనం' అని పేరు పెట్టారు. ఈ నిబంధన బావుందని మొదట చాలామంది మగ సభ్యులు సంతోషించారు. మౌనం తమకీ వర్తిస్తుందని రెండోరోజు తెలిసింది.

పోటీకి అరవై నలుగురు పేర్లిచ్చారు. మూడోరోజు మధ్యాహ్నం నాలుగింటికి సోమలింగం గారి ఆట వచ్చింది. ఆయన మా గిడ్డంగి సూపరింటెండెంటు. సర్వీసులో ఉండగా ఆఫీసు వదలగానే తిన్నగా క్లబ్బుకి పోయి, అక్కడ మూడో ముక్క పడేసరికి ఎదుటివాడి చేతిలో ఏమున్నాయో చెప్పగలిగిన మనిషి. ఏడాదిగా ఒంట్లో బాగోలేదని విన్నాం కానీ పేరిచ్చారు. వీడియోలో పైన ఆయన ముఖం గంభీరంగా, తనలో తనే ఏదో గొణుక్కుంటున్నట్టు కనిపించింది. కింద ఫోను మీద బొటనవేలు కదులుతోంది. ఆ వేలికి గోరింటాకు పండి ఉంది. దాని వెనక నాలుగు మట్టిగాజులు. ఎదుటి ఆటగాడు పదకొండు నిమిషాల్లో చిత్తయ్యాడు.

విశ్వపతి గారు నాకు ఫోన్ చేసి ఆ వేలు గమనించారా అని అడిగారు. గమనించానండి, ఎర్రగా ఉందన్నాను.

"ఎర్రగా ఉండటం నేరం కాదు పేర్రాజు గారూ. సోమలింగానిది కాకపోవడం నేరం. వెళ్ళి సమగ్రంగా విచారించి నివేదిక ఇవ్వండి."

మర్నాడు పొద్దున్నే జగన్నాథపురం వెళ్ళాను. ఆ వేలు గల మనిషే తలుపు తీశారు. సోమలింగం గారి భార్య నాగరత్నం గారు. ఆయన కిటికీ పక్కన పడక కుర్చీలో ఉన్నారు. నన్ను చూసి నవ్వారు కానీ నవ్వు ముఖంలో ఒక పక్కకే వచ్చింది. కిందటి కార్తీకంలో పక్షవాతం వచ్చి కుడిచెయ్యి, కుడికాలు, మాట పడిపోయాయని ఆవిడ చెప్పారు. మూడు నెలలు నోట్లోంచి ఒక్క మాట రాలేదట. ఒకరోజు బీరువా సర్దుతుంటే పాత పేకముక్క ఒకటి కిందపడింది. ఆయన దానివంక చాలాసేపు చూసి, "కళావరు" అన్నారట.

"నలభై మూడేళ్ళు కాపురం చేశానండి," అన్నారావిడ. "మాట రాగానే మొదట పిలిచింది కళావరుని."

ఆవిడ నిష్ఠూరంగా అనలేదు. జరిగింది జరిగినట్టు చెప్పారు. ఆ తరవాత ఒక్కొక్క ముక్కా తిరిగొచ్చింది. ఇస్పేటు, ఆఠీను, డైమను, అంకెలు. వాటి వెనకే అన్నం, ఫ్యాను, మందు. ఏం చేస్తారో చెయ్యండి, పేకాట మాత్రం ఆపకండన్నాడట డాక్టరు. అందుకని ఆయన ముక్క పేరు చెప్తారు, ఈవిడ ఫోన్లో నొక్కుతారు. ఆవిడకి ఆట రాదు. ఏ ముక్క ఎందుకు పారేస్తున్నారో తెలీదు. ఆట ఉన్న రోజు మాత్రం ఆయన నోట రెండు కొత్త మాటలు వస్తాయని, గోడమీది క్యాలెండర్లో రాసుకున్నవి చూపించారు. నిన్నటి తేదీ కింద 'చల్లగా', 'వెధవ' అని ఉన్నాయి. రెండోది ఎదుటి ఆటగాణ్ణి ఉద్దేశించి అన్నదట.

వెళ్ళేటప్పుడు గుమ్మం దాకా వచ్చి, ఆట ఆపించేస్తారా అని మెల్లగా అడిగారు. విచారణ లాంఛనమేనండి అన్నాను. అప్పుడు నేను నిజంగా అలాగే అనుకున్నాను.

ఉన్నదున్నట్టు నివేదిక రాశాను. కమిటీలో ముగ్గురం. విశ్వపతి గారు, కోశాధికారి గారు, నేను. కోశాధికారి గారు కిందటేటి నుంచి ఏ విషయం మీదా మాట్లాడటం లేదు. మెదడు సోమలింగానిది, వేలు భార్యది అయినప్పుడు ఆడుతున్నది ఎవరు అన్నది చర్చ. మెదడున్నవాడే ఆటగాడు కదండీ అన్నాను. విశ్వపతి గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, మన సర్వీసు గుర్తుచేసుకోండి అన్నారు. ఫైలు మీద ఆలోచించింది ఎవరు, సంతకం పెట్టింది ఎవరు, ఆర్డరు ఎవరి పేరున వెళ్ళింది? ఇరవయ్యారేళ్ళూ ఆలోచించింది నేనే, సంతకం మాత్రం ఆయనది. ఆ పూర్వాచారాన్ని బట్టి వేలు ఎవరిదైతే ఆట వారిదేనని తీర్మానమైంది. ఖాతా నాగరత్నం గారి పేరుకి మార్చాలి.

అక్కడ ఒక చిక్కొచ్చింది. సంఘం నిబంధనల ప్రకారం ఉద్యోగి భార్య సభ్యురాలు కావాలంటే ఆవిడకి కుటుంబ పింఛను వస్తూ ఉండాలి. అది రావాలంటే ఉద్యోగి ఉండకూడదు. విశ్వపతి గారు చెప్తుంటే నేను ఉత్తరం టైపు చేశాను. తమరి సభ్యత్వ దరఖాస్తును సానుభూతితో పరిశీలించుటకు సంఘము సంసిద్ధముగా ఉన్నదనియు, తమ భర్తగారి మరణ ధ్రువపత్రమును మూడు ప్రతులలో జతపరచవలసినదనియు రాశాం. ప్రతులెన్ని అన్న దగ్గర రెండా మూడా అని కాసేపు ఆలోచించాం తప్ప ఇంకెక్కడా ఆగలేదు.

రెండురోజుల తరవాత నాగరత్నం గారు ఆ ఉత్తరం పట్టుకుని ఆఫీసుకి వచ్చారు. చేతిలో గొడుగు, భుజానికి మందుల సంచి. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"ఈ పత్రం ఇప్పుడే కావాలా అండి, కొంచెం గడువేమైనా ఇస్తారా?" అని అడిగారు.

విశ్వపతి గారు ఉత్తరం తీసుకుని మొదటినుంచి చదివారు. చదువుతుంటే ఆయన చెవులు ఎర్రబడటం చూశాను. సర్వీసులో అలా ఎప్పుడూ చూడలేదు. గడువు ఎంతైనా ఇవ్వవచ్చునమ్మా అన్నారు చివరికి. తరవాత గొంతు సవరించుకుని, ఉత్తరం ఉపసంహరించుకుంటున్నామని, ఖాతా సోమలింగం పేరునే ఉంటుందని చెప్పారు. అంతటితో ఊరుకుంటే కథ అయిపోయేది. కానీ తప్పు చేశానని తెలిసిన అధికారి దాన్ని దిద్దుకోవడానికి ఇంకో నిబంధన రాస్తాడు. భార్య వేలుకి భార్య మెదడు కూడా తగులుకుని ఉంటుంది గనక, దానికి బదులు తటస్థమైన వేలు ఒకటి సంఘమే సమకూరుస్తుందన్నారు. అన్నాక నా చేతివంక చూశారు.

అలా నేను సంఘం వేలుగా నియమితుణ్ణయ్యాను. ఆట జరిగే సమయంలో నాకు సొంత అభిప్రాయం ఉండదని ప్రమాణపత్రం మీద సంతకం చేయించుకున్నారు. అందులో నాకు అనుభవం చాలానే ఉంది.

ఈలోగా మిగతా పోటీదారుల మీద కూడా సమానంగా కఠినంగా ఉండకపోతే పక్షపాతమవుతుందని, ప్రతివాళ్ళూ 'ఏకదేహ ధ్రువీకరణ పత్రం' తేవాలన్నారు. మెదడూ వేలూ ఒకే ఒంటికి చెందినవని గెజిటెడ్ అధికారి సంతకం కావాలి. పిఠాపురం సభ్యుడొకాయన సర్కారు ఆసుపత్రికి వెళ్తే అక్కడి డాక్టరు తలకి ఎక్సరే తియ్యమన్నాడు. ఒకాయన మనవరాలు ఆట మధ్యలో "తాతయ్యా, ఆరు కొట్టింది, మాత్ర వేసుకో" అన్నందుకు, ఆరు అనేది ముక్క పేరు కావచ్చునని ఆయన్ని తప్పించాం. కాఫీ తెచ్చిన భార్యలు గ్లాసు కుడివైపు పెట్టారా ఎడమవైపు పెట్టారా అన్నది కూడా నమోదు చేశాం. అరవై నలుగురిలో పదిహేనుమంది ఆటలో ఓడారు. ముప్ఫై అయిదుగురు నిబంధనల్లో ఓడారు. మిగతావాళ్ళు భయపడుతూనే ఆడుతున్నారు.

సంఘం వేలుతో సోమలింగం గారి మొదటి ఆట నా వల్ల ఓడిపోయేదే. ఆయన మాట నాకు అర్థం కాదు. ఆసు అంటే ఆరని నొక్కాను. ఆరంటే ఆగమనుకుని ఆగాను. ఆయన ముఖంలో ఆరోగ్యంగా ఉన్న పక్క నా మీద కోపంతో వణికింది. ఎదుటాయన నాకంటే అధ్వాన్నంగా ఆడటం వల్ల ఎలాగో గట్టెక్కాం. నివేదికలో ఆ సంగతి రాస్తే, కోర్టుల్లో ఉన్నట్టుగా ఒక దుబాసీని అనుమతించవచ్చునని విశ్వపతి గారు ఆదేశించారు. ఆయన మాట అర్థమయ్యేది ఊళ్ళో ఒక్కరికే. కనుక నాగరత్నం గారు దుబాసీ అయ్యారు. ఆయన చెప్పిందానికి ఒక్క అక్షరం కలపనని ఆవిడ చేత కూడా సంతకం పెట్టించాం. ఆవిడ నిజంగానే కలపడం లేదని ఎవరైనా చూడాలి కదా. ఆ బాధ్యత విశ్వపతి గారే తీసుకుని, నాలుగింటికల్లా జగన్నాథపురం వచ్చి కూర్చునేవారు. వీడియోలో కోశాధికారి గారు మా నలుగుర్నీ చూస్తుండేవారు.

ఒక ఖాతాని ఇద్దరు వాడకూడదన్న నిబంధన అమలు కావడానికి ఆ విధంగా ఐదుగురం కావలసివచ్చాం.

అయినా ఆయన గెలుస్తూనే వచ్చారు. ఆ మూడు వారాల్లో నేను గమనించింది ఒకటుంది. దుబాసీ పని చేస్తూ ప్రతి ముక్క పేరూ పైకి పలకాల్సి రావడంతో నాగరత్నం గారికి ఆట వంటబట్టడం మొదలైంది. ఒకరోజు ఆయన చెప్పిన ముక్క పలకబోయి ఆగి, ఎనిమిది పారేస్తే ఏడూ తొమ్మిదీ ఒంటరివైపోవా అని ఆయన్నే అడిగారు. ఆయన నవ్వారు. విశ్వపతి గారు దాన్ని 'దుబాసీ అతిక్రమణ, మొదటిసారి గనక హెచ్చరికతో సరి' అని రాయించారు. రాయిస్తూనే, ఆవిడ అన్నది నిజమే కదా అన్నట్టు ముక్కలవంక ఇంకోసారి చూశారు.

ఫైనల్ పెద్దాపురం తాతారావుతో. ఆయన మా శాఖలో తూకాల ఇన్‌స్పెక్టరుగా చేసి, ఎవరికీ తొందరపడి ఏదీ ఇవ్వని మనిషి. మూడాటల్లో రెండు గెలిచినవాళ్ళకి షీల్డు. మొదటాట మేం టైముకి పోగొట్టుకున్నాం. ముక్క తీసి పారెయ్యడానికి ఆ ఫోను ముప్ఫై సెకన్లే ఇస్తుంది. ఆయన అనాలి, ఆవిడ చెప్పాలి, విశ్వపతి గారు తల ఊపాలి, నేను నొక్కాలి. మూడుసార్లు టైము దాటితే ఫోను తనంతట తనే మమ్మల్ని ఆటలోంచి తీసేసింది. రెండో ఆట ఆయన ఎలాగో గెలిచారు. మూడోది సాగుతోంది. అప్పటికి ఆయన చొక్కా వీపంతా తడిసింది. నాగరత్నం గారు పమిటచెంగుతో ఆయన నుదురు తుడవబోయి, అది సంకేతమవుతుందేమోనని చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

కట్టలోంచి ముక్క తియ్యమన్నారు, తీశాను. ఆఠీను రాణి. దానికోసమే చూస్తున్నట్టుంది, ఆయన కళ్ళు మెరిశాయి. ఏదో రెండు శబ్దాలు చేశారు.

"డైమను పది పారేసి షో తిప్పమంటున్నారండి," అన్నారు నాగరత్నం గారు.

విశ్వపతి గారు చెయ్యెత్తి ఆపారు. ఆయన పలికినవి రెండే శబ్దాలు, అనువాదంలో ఐదు మాటలున్నాయి, మిగతా మూడూ ఎక్కడివో దుబాసీ వివరించాలన్నారు. ఆయన అలాగే అంటారండి, అంతకంటే అనలేరు అన్నారావిడ. ఫోన్లో అంకె తొమ్మిదికి వచ్చింది. నా వేలు గాల్లో ఉంది. నొక్కమంటారా అని విశ్వపతి గారివంక చూశాను. వివరణ నమోదు కావాలన్నారు. ఆరు. ఐదు. ఎదురుగా సోమలింగం గారు నన్ను చూసిన చూపు నేను ఇప్పటికీ మర్చిపోలేదు. ముందు బతిమాలారు, తరవాత తిట్టారు, రెండూ కళ్ళతోనే.

మూడు అంకె పడగానే ఆయన ఎడంచెయ్యి దుప్పటి కిందనుంచి వచ్చింది. నా వేలిని ఈగని తోలినట్టు పక్కకి తోసి, బొటనవేలితో డైమను పదిని లాగి షో మీద పడేసింది. తడబాటు లేదు, వణుకు లేదు. ఫోన్లో చిన్న చిన్న పూలు రాలాయి. గెలిచారని ఇంగ్లీషులో రాసి వచ్చింది.

మొదట తేరుకున్నది విశ్వపతి గారు. ఆయన ముఖం వెలిగిపోయింది. రాసుకోండి పేర్రాజు గారూ అన్నారు. ఒకే దేహానికి చెందిన మెదడుతోనూ బొటనవేలుతోనూ ఆట ఆడబడినది, ఈ పోటీలో నియమావళి అక్షరాలా పాటింపబడిన సందర్భం ఇది. సగం చెప్పి ఆగిపోయారు. నెమ్మదిగా సోమలింగం గారి వైపు తిరిగారు.

"మరి ఈ ఎడంచెయ్యి ఇన్నాళ్ళూ ఎక్కడుందండీ?"

నాగరత్నం గారు కూడా ఆయన్నే చూస్తున్నారు. ఎడంచేత్తో స్పూను పట్టి అన్నం తింటారని ఆవిడకి తెలుసు. ఫోను నొక్కడం మాత్రం దానికి చేతకాదని ఆయనే తల అడ్డంగా ఊపితే, నిజమనుకున్నారు. ఎందుకలా చెప్పారని ఆవిడే అడిగారు.

ఆయన నోరు తెరిచారు. చాలాసేపు ఏమీ రాలేదు. ఈసారి ఎవరమూ సెకన్లు లెక్కపెట్టలేదు.

"క్లబ్బు," అన్నారు. "నలభయ్యేళ్ళు... క్లబ్బు. ఈవిడ... ఇంట్లో." మళ్ళీ ఆగి, ఊపిరి తీసుకుని, ఎడంచేత్తో ఆవిడ కూర్చున్న కుర్చీ చెయ్యి తట్టారు. "ఇప్పుడు... పక్కన."

నేను కలం పట్టుకుని ఎదురుచూశాను. దుబాసీ అనువదించలేదు. లేచి కాఫీ గ్లాసులు నాలుగూ తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయారు. నాలుగు గ్లాసులు కడగడానికి పట్టే సమయంకంటే చాలా ఎక్కువసేపు లోపల పంపు నీళ్ళు వినిపించాయి.

విశ్వపతి గారు ఆర్డరు అక్కడే చెప్పి రాయించారు. సొంత వేలు పనిచేయుచుండగా పరుల వేలు వినియోగించినందున సోమలింగం గారిని మొదటి రౌండు నుంచి అనర్హులుగా ప్రకటించడమైనది. ఆర్డరులో కారణమనే గడి దగ్గరకొచ్చేసరికి ఆగారు. ఆయన చెప్పిన మాటలు యథాతథంగా రాయమంటారా అని అడిగాను. వద్దన్నారు. కారణము కమిటీకి తెలియును అని రాయమన్నారు. తెచ్చిన శాలువా మాత్రం సంచిలోంచి తీసి సోమలింగం గారి మోకాళ్ళ మీద కప్పి, బయట వాన పడుతోంది, చలిగా ఉంటుందన్నారు. ఆయన ఓడిపోయినట్టు లేరు. అసలు ఆర్డరు విన్నట్టే లేరు. వంటింటి గుమ్మంవైపు చూస్తున్నారు.

షీల్డు తాతారావుకి ఇద్దామని చూస్తే, ఆయన ధ్రువపత్రం మీద సంతకం పెట్టిన గెజిటెడ్ అధికారి కూడా పోటీదారేనని, అతనికి ధ్రువపత్రం ఇచ్చింది తాతారావేనని బయటపడింది. షీల్డు ఆఫీసు బీరువాలోనే ఉంది.

విశ్వపతి గారూ నేనూ వంతెన మీద నడిచి వస్తున్నాం. ఆయన భార్య పోయి ఆరేళ్ళయింది. మధ్యలో ఆగి, కాలవలో పడవల్ని చూస్తూ, మా ఆవిడకి ఏ ఆట వచ్చో నేనెప్పుడూ అడగలేదండి అన్నారు. నేను గొడుగు కాస్త ఆయనవైపు జరిపాను.

ఆ మాట ఆయన్ని వదిలిపెట్టినట్టు లేదు. మనిషిలో ఏదైనా కదిలితే కన్నీళ్ళు రావచ్చు, కవిత్వం రావచ్చు. విశ్వపతి గారికి సవరణ వచ్చింది. మరుసటేటి పోటీకి 'దంపతుల విభాగం' అని కొత్తది చేర్చి, దానికి యాభై మూడు నిబంధనలు రాశారు. ఈ విభాగంలో ఖాతాని ఇద్దరూ కలిసే వాడాలి. ఒక్కరే ఆడితే నేరం. వీడియోలో రెండు ముఖాలు కనిపించాలి, మధ్య దూరం జానెడు మించకూడదు. గృహమౌనం రద్దయింది. ప్రతి ముక్కకీ ముందు దంపతులు సంప్రదించుకున్నట్టు కమిటీకి వినిపించాలి.

ఆ సంప్రదింపులు వినడం నా డ్యూటీ. మొదటి వారం భయపడ్డాను. కొన్ని ఇళ్ళలో ఏ ముక్క పారెయ్యాలన్న మాట పందొమ్మిదివందల ఎనభై మూడులో ఆడపడుచు పెళ్ళి దగ్గరకి వెళ్ళి తేలేది. ఒకాయన భార్యని వంటింట్లో వదిలి ఒంటరిగా ఆడుతుండగా పట్టుబడ్డాడు. గోడకున్న ఆవిడ ఫోటోని పక్కన పెట్టుకుని, ఆవిడ ఇక్కడే ఉందన్నాడు. తాతారావు గారి భార్య ఆయనకంటే బాగా ఆడుతున్నారని తెలిశాక ఆయన రెండ్రోజులు అన్నం తినలేదు. మూడోరోజు నుంచి ఆవిడ చెప్పినట్టే ఆడుతున్నారు.

ఇంత చేసినా ఎవరికోసం ఈ విభాగం పుట్టిందో వాళ్ళ దరఖాస్తు రాలేదు. ఆఖరి తేదీ మధ్యాహ్నం విశ్వపతి గారు నన్ను ఫారం ఇచ్చి పంపారు. వాళ్ళిద్దరికీ ధ్రువపత్రాలేవీ అక్కర్లేదని కూడా చెప్పమన్నారు. ఆయన సర్వీసు మొత్తంలో ఇచ్చిన మినహాయింపు అదొక్కటే.

నేను వెళ్ళేసరికి తలుపు తీసే ఉంది. ఫోను ఎక్కడా కనిపించలేదు. ఇద్దరి మధ్యా స్టూలు వేసుకుని అసలు పేకముక్కలతో ఆడుతున్నారు. ఆయన ముక్కలు నిలబెట్టుకోవడానికి గాడి కోసిన చెక్కముక్క ఒకటి చేయించారు. నాగరత్నం గారు కాళ్ళు మడుచుకుని ఎదురు కుర్చీలో కూర్చున్నారు. ముందు కాయితం మీద రెండు పేర్లు రాసి ఉన్నాయి. గెలిచిన ఆటల గీతలు ఆవిడ పేరు కిందే ఎక్కువగా ఉన్నాయి.

ఫారం సంగతి చెప్పాను. నాగరత్నం గారు ముక్కల మీంచి తలెత్తకుండా, జట్టుగా ఆడటం కుదరదండి, ఇప్పుడు నేను ఎదురాటలో ఉన్నాను అన్నారు. అంటూనే షో తిప్పారు.

సోమలింగం గారు ఆ ముక్కల్ని ఒకటికి రెండుసార్లు చూశారు. తరవాత నావైపు తిరిగారు. ఈసారి కుడిపక్క పెదవి కూడా కదిలింది.

"పేర్రాజూ, రాసుకో," అన్నారు. "ఈవిడ నా ముక్కలు చూసి దొంగాట ఆడుతోంది."

పక్షవాతం వచ్చాక ఆయన నోట ఒక పూర్తి వాక్యం రావడం అదే మొదలు. ఒక్క అక్షరం ముద్దగా లేదు. నేను నివ్వెరపోయి నాగరత్నం గారివంక చూశాను. ఆవిడ చేతిలో ముక్కలు కలపడం ఆపేసి, రెప్ప వెయ్యకుండా ఆయన్నే చూస్తున్నారు.

"ఏమన్నారు? సరిగ్గా వినపడలేదు," అన్నారు.

ఆయన ఇంకాస్త గట్టిగా మళ్ళీ చెప్పారు. ఆవిడకి మళ్ళీ వినపడలేదు. మూడోసారి వీధిలో కూరలమ్మే మనిషి ఆగి చూశాడు. నాలుగోసారి మొదలయ్యేసరికి నేను చెప్పులేసుకుని బయటికి వచ్చేశాను.